దాపటెద్దు, వలపటెద్దు

ఈ నెల గడ్డి కోసే యంత్రం గురించి రాయబోతున్నాము. పాఠకులు అప్పుడే పుట తిప్పవద్దని మనవి. తులసికోటకు చోటు దొరకడమే గగనమైపోయిన ఈ బెంగుళూరులో పచ్చిక ఎక్కడిది, దాన్ని కోసే బండెక్కి తిరిగేవాడెవడు అని మీకు తోచవచ్చు. నిజమే. ఆ బండి మాది కాదు, మా ఆఫీసుది. కాని దాని కథలో మనందరికీ పనికివచ్చే సంగతి ఒకటుంది. పైగా ఆ సంగతి మా బుర్రకెక్కింది ఇంగ్లీషు పుస్తకం వల్ల కాదు, మన పల్లెటూళ్ల తెలుగు మాట ఒకటి వల్ల. అందుకని చిత్తగించండి.

మేము పనిచేసే సంస్థకు విశాలమైన ఆవరణ ఉంది. అందులో నాలుగెకరాలు ఒట్టి పచ్చికే. మేము ఎస్టేటు సెక్షనులో గుమాస్తాలము. చీపురు కట్టల ఇండెంటు మొదలుకొని నీళ్ల పంపు మరమ్మతు బిల్లు దాకా మా బల్ల మీదుగానే పోవాలి. ఇదివరలో నలుగురు మనుషులు తోపుడు యంత్రాలతో వారమంతా గడ్డి కోసేవారు. మూడేళ్ల కిందట పైవారు ఉదారబుద్ధితో కూర్చుని నడిపే యంత్రం ఒకటి కొన్నారు. నలుగురి పనీ ఒక్కడికి వచ్చింది. మిగతా ముగ్గురూ ఏమయ్యారన్నది వేరే కథ.

ఆ ఒక్కడు యాభై దాటిన మనిషి. కంట్రాక్టు కింద పని. ఊరు ములబాగిలు దగ్గర పల్లె. ఇంట్లో మాట తెలుగు, బళ్లో నేర్చినది నాలుగు కన్నడ అక్షరాలు. ఆయన మమ్మల్ని “సార్” అంటాడు, మేము ఆయన్ని “అన్నా” అంటాము. ఆఫీసులో అందరితో కన్నడమే అయినా మా ఇద్దరి మధ్య మాత్రం తెలుగు నడుస్తుంది.

ఈ బండికి కారుకున్నట్టు గుండ్రటి స్టీరింగు ఉండదు. కూర్చున్నవాడి రెండు చేతుల కిందికీ రెండు లీవర్లు వస్తాయి. ఎడమ లీవరు వెనకటి ఎడమ చక్రానికి, కుడి లీవరు వెనకటి కుడి చక్రానికి. ముందున్న రెండు చిన్న చక్రాలూ ఆఫీసు కుర్చీ కింది చక్రాల వంటివి, ఎటు లాగితే అటు తిరుగుతాయి. రెండు లీవర్లూ సమానంగా ముందుకు తోస్తే బండి ముందుకు, వెనక్కు లాగితే వెనక్కు పోతుంది. కుడిది ఎక్కువ తోస్తే కుడి చక్రం వడిగా తిరిగి బండి ఎడమకు మళ్లుతుంది. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ పెడితే నిలుచున్న చోటనే బొంగరంలా తిరుగుతుంది. చెట్ల మొదళ్ల చుట్టూ కోయడానికి ఇంతకంటె అనువైనది లేదు. రెండు లీవర్లతో, ఒక్కొక్క చక్రానికి ఒక్కొక్క నూనె పంపుతో నడిచే ఈ ఏర్పాటు 1960ల దశకంలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో రూపు దిద్దుకున్నది.

పోయిన ఏడు వానలు మొదలైన దగ్గరనుంచీ మా బండికి ఒక జబ్బు పట్టుకున్నది. రెండు లీవర్లూ సమంగా తోసినా అది తిన్నగా పోదు, ఎడమకు లాగుతుంది. ఆ సంగతి ఆయన మూడు మాట్లు నోటితో చెప్పాడు. ఒకసారి సూపర్వైజరుతో, రెండుసార్లు మాతో. మేము “రాసిస్తే పైకి పంపుతాము అన్నా” అన్నాము. ఆయనకు రాయడం రాదని మాకు తెలుసు. అయినా అన్నాము. గుమాస్తా నోట సహజంగా వచ్చే మాట అది.

ఆయన రాసివ్వలేదు. బండి ఎడమకు లాగుతూనే ఉంది. దాన్ని తిన్నగా పోనివ్వడానికి ఆయన కుడి లీవరును పొద్దస్తమానమూ కొంచెం వెనక్కు పట్టి ఉంచేవాడు. నాలుగెకరాలు అలాగే కోసేవాడు. కుడి భుజానికి తువ్వాలు బిగించి కట్టుకుని వస్తుంటే సూపర్వైజరు “ఇది పని తప్పించుకునే వేషం” అన్నాడు. మేమూ నవ్వి ఊరుకున్నాము.

ఒకనాటి ఉదయం జెండా కర్ర దగ్గర గులాబి మడి పక్కగా పోతుండగా ఆయన చెయ్యి తిమ్మిరెక్కి లీవరు ముందుకు జారింది. బండి చటుక్కున ఎడమకు తిరిగి మడిలోకి దూరింది. మడి చుట్టూ పెట్టిన ఇటుకలు నాలుగు పగిలాయి, తొమ్మిది గులాబి మొక్కలు నేలమట్టమయ్యాయి. మనిషికి దెబ్బ తగలలేదు, అదే అదృష్టం. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది, “డ్రైవరు అజాగ్రత్త” అని. నష్టం 4,800 రూపాయలు, మూడు వాయిదాల్లో జీతంలోంచి పట్టుకోవలసిందని ఉత్తర్వు. ఆ మెమో టైపు చేసినది మేమే. స్పెల్లింగు తప్పు ఒక్కటీ లేకుండా చేశాము.

సంతకానికి వచ్చినప్పుడు అందులో ఏముందని ఆయన అడిగాడు. తెలుగులో చెప్పాము. ఆయన చాలాసేపు కాగితం వంక చూసి అన్నాడు: “సార్, ఎలపటెద్దు ముందుకి పోతా ఉండాది, దాపటెద్దు ఈడుస్తా ఉండాది. ఎద్దుల జత కుదరకుంటే బండి తోలేవాణ్ని కొడితే సరిపోతుందా?”

చిన్నతనంలో మా తాతగారి ఊళ్లో విన్న మాటలవి. విని ముప్ఫై అయిదేళ్లయింది. బండికి కట్టిన జోడెద్దుల్లో ఎడమవైపుది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు. దానినే పల్లెల్లో ఎలపట అంటారు. వలపటెద్దు వడిగా నడిచి దాపటెద్దు వెనకబడితే బండి ఎడమకు మళ్లిపోతుంది. ఆయన ఒక్క ముక్కలో చెప్పినది మేము మూడుసార్లు విని కూడా వినలేదు. ఆ యంత్రం అచ్చంగా జోడెద్దుల బండి. ఇంగ్లీషు చదివిన మాకు అది తోచలేదు, మడక దున్ని వచ్చిన ఆయనకు తోచింది.

ఆ రాత్రి అన్నం సయించలేదంటే అతిశయోక్తి అవుతుంది. తిన్నాము. కాని నిద్ర మాత్రం ఆలస్యంగా పట్టింది.

మర్నాడు బీరువా తెరిచి చూస్తే యంత్రంతో వచ్చిన పుస్తకం స్టాకు రిజిస్టరు కింద కవరు చింపకుండా భద్రంగా ఉంది. మూడేళ్లుగా తాళం మా దగ్గరే. బండి మాత్రం ఆయన దగ్గర. మాది మెట్రిక్ ఇంగ్లీషు. నోటింగు రాయడానికి సరిపోతుంది గాని యంత్రాల భాష కొరుకుడు పడదు. అందులో ‘ట్రాకింగ్’ అని ఒక అధ్యాయం ఉంది. దొంగల జాడ తీయడం కాబోలుననుకున్నాము. చదవగా చదవగా తెలిసినదేమంటే, రెండు లీవర్లూ చివరిదాకా తోసినప్పుడు బండి ఎటూ మళ్లకుండా తిన్నగా పోవడమే ట్రాకింగ్. పోకపోతే ఏం చేయాలో వరస ప్రకారం రాసి ఉంది.

శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టి ఆయనతో షెడ్డు దగ్గర చేరాము. మేము చదివి చెప్పడం, ఆయన చేయడం. మొట్టమొదట పుస్తకం చెప్పిన జాగ్రత్తలు. కోత కత్తులు ఆపాలి, పార్కింగు బ్రేకు వేయాలి, ఇంజను ఆపి తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి, ప్లగ్గు వైరు ఊడదీయాలి, ఇంజను చల్లారేదాకా ఆగాలి. ఇది తిన్నగా జరగనిదే చెయ్యి కిందికి పెట్టకూడదు.

రెండవది టైర్లలో గాలి. ఇక్కడ పాఠకులు ఒక్కమాటు ఆగాలి. బండి ఒక పక్కకు లాగితే ఎవరైనా ముందు లీవర్ల మీదికి, నట్ల మీదికి పోతారు. పుస్తకం మాత్రం ముందు గాలి చూడమంటుంది. గాలి తగ్గిన టైరు బరువుకు అణిగి, నేలనుంచి ఇరుసు ఎత్తు తగ్గుతుంది. అంటే ఆ చక్రం పొట్టిదైనట్టే. పొట్టి చక్రం ఒక చుట్టు తిరిగితే తక్కువ దూరం పోతుంది. అందుచేత బండి గాలి తగ్గిన వైపుకు మళ్లుతుంది. కొలిచి చూస్తే వలపటి టైరులో పది పౌండ్ల గాలి, దాపటి టైరులో అయిదు కూడా లేదు. మా యంత్రానికి వెనక రెండిటిలోనూ పదేసి ఉండాలని పుస్తకంలో ఉంది. మీ యంత్రానికి మీ పుస్తకం చెప్పిన అంకెయే ప్రమాణం. కొలత బండి నడవక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే తీయాలి.

చక్రం తడిమి చూడగా తుమ్మముల్లు ఒకటి సన్నగా విరిగి లోపలే ఉంది. వానల్లో కంప కొట్టి అటుగా లాగిన నాటిది కాబోలు. గాలి రోజూ ఇంత ఇంత పోతోంది. “అందుకే సార్, దాపటి పక్క గడ్డి పొట్టిగా తెగుతా ఉన్నింది” అన్నాడాయన. అదీ నిజమే. టైరు అణిగితే ఆ పక్క కోత కత్తుల పెట్టె కూడా కిందికి దిగుతుంది. పచ్చిక మీద ఆరు నెలలుగా చారలు చారలుగా ఆ గుర్తు కనిపిస్తూనే ఉంది. కిటికీలోంచి చూసి మేము అందంగా ఉందనుకున్నాము.

చక్రం విప్పి పంక్చరు వేయించి, గాలి సమం చేశాము. షెడ్డు ముందు సిమెంటు దారి మట్టంగా ఉంది. దాని మీద యాభై అడుగుల పొడవున సుద్దముక్కతో గీత గీసి, ఆయన బండెక్కి, కత్తులు తిప్పకుండా, రెండు లీవర్లూ చివరిదాకా తోసి నడిపాడు. పొద్దున పరీక్ష చేసినప్పుడు గీత చివరికి వచ్చేసరికి బండి ఎడమకు నాలుగడుగులు జరిగింది. ఇప్పుడు అడుగున్నర. జబ్బు సగానికి పైగా ముల్లుతోనే పోయింది.

మిగిలినదానికి మూడవ మెట్టు. బండి నిలిచిపోయినప్పుడు తోసుకుపోవడానికి వీలుగా ప్రతి నూనె పంపుకూ ఒక చిన్న విడుపు లీవరు ఉంటుంది. అది పూర్తిగా మూసుకోకపోతే ఆ పక్క చక్రానికి బలం చాలదు. రెండూ చూశాము, సరిగానే ఉన్నాయి.

నాలుగవది అసలు సవరణ. లీవరు ముందుకు ఎంతవరకు పోవాలో ఆపే బోల్టు ఒకటి ఉంటుంది. మా బండికి ఆ బోల్టు కుడివైపునా ఉంది, ఎడమవైపునా ఉంది. దానికి బిగించిన లాక్ నట్టును వదులుచేసి బోల్టు తిప్పితే ఆ చక్రం పూర్తి వేగం తగ్గుతుంది. ఇక్కడ పుస్తకంలో ఒక వాక్యం ఉంది. వెనకబడిన చక్రాన్ని వడి చేయబోకండి, వడిగా పోయే చక్రాన్నే తగ్గించండి అని దాని సారాంశం. మేము తెలుగులో చెప్పగానే ఆయన నవ్వాడు. “అంతే కద సార్. నడవలేని ఎద్దుని పొడిస్తే ఏమొస్తుంది? ఉరికే ఎద్దు పగ్గమే బిగించాల” అన్నాడు.

కుడి బోల్టు అర చుట్టు తిప్పి, గీత మీద నడిపి చూశాము. మళ్లీ అర చుట్టు. మళ్లీ చూశాము. మూడవసారికి బండి యాభై అడుగులూ గీత వదలకుండా పోయింది. ఒక్కమాటే నిండు చుట్లు తిప్పితే జబ్బు కుడికి మారుతుంది. ఓపికే ఇక్కడ పనిముట్టు. చివరకు లాక్ నట్టు బిగించడం మరవరాదు.

అయిదవది, లీవర్ల ఎత్తు, వరస. వాటిని బిగించిన బోల్టుల కన్నాలు కొన్ని పొడుగ్గా ఉంటాయి. బోల్టు వదులుచేసి పిడిని కొంచెం ముందుకూ వెనక్కూ జరపవచ్చు, పై కన్నానికీ కింది కన్నానికీ మార్చవచ్చు. మా బండిలో కుడి పిడి ఎడమదానికంటె అంగుళం ముందుకు ఉంది. మూడేళ్లుగా ఆయన అంతమేరా వంగి పట్టుకుంటున్నాడు. రెండు పిడులూ ఎదురెదురుగా, ఆయన చేతికి అందే ఎత్తులో పెట్టాము. భుజం నొప్పిలో ఆ అంగుళానిదీ కొంత వాటా ఉంటుంది.

ఒక్కటి మాత్రం మేము ముట్టుకోలేదు. లీవర్లు మధ్యలో ఉన్నప్పుడు బండి కదలకుండా నిలవాలి. మెల్లగా పాకుతుంటే దానికి వేరే సవరణ ఉంది. అది వెనక చక్రాలు పైకెత్తి ఇంజను నడుస్తుండగా చేయవలసిన పని. అలాటిది మెకానిక్ చేతనే చేయించడం మేలు.

మన సంఘంలో కొందరి పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడ ఇంటి ముందు పచ్చిక కోయడం వేసవి అంతా వారం వారం తప్పని పని అని మీరూ విని ఉంటారు. వాళ్ల దగ్గర గుండ్రటి స్టీరింగు ఉన్న బండి ఉంటే లెక్క కొంచెం వేరు. అది ముందు చక్రాలతో మళ్లుతుంది. మలుపులో లోపలి చక్రం చిన్న వలయం, బయటి చక్రం పెద్ద వలయం తిరగాలి గనక లోపలిది ఎక్కువ వంగాలి. ఈ కిటుకును మ్యూనిక్‌లో గుర్రపు బగ్గీలు చేసే లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టగా, ఆయన తరఫున అకర్‌మన్ అనేవాడు 1818లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. పేరు మాత్రం అకర్‌మన్‌దే నిలిచింది. కనిపెట్టినవాడు ఒకడు, కాగితం రాసినవాడు ఒకడు. ఆఫీసుల్లో పనిచేసేవారికి ఇది కొత్త కాదు. ఆ బండి పక్కకు లాగితే ముందు టైర్ల గాలి చూడాలి, తరువాత రెండు చక్రాలనూ కలిపే కడ్డీ వంగిందేమో, దాని చివరి గుండ్లు అరిగాయేమో చూడాలి, ఆపైన స్టీరింగు కింది పళ్ల చక్రం. అక్కడా మొదటి మెట్టు గాలే.

సరే, కథ ముగించాలి. ఆ సాయంత్రం ఇంట్లో ఈ వైనమంతా చెప్పాము. మా ఇంటావిడ సాంతం విని, “బాగానే ఉంది. మరి ఆ మనిషి దగ్గర పట్టుకున్న డబ్బు సంగతేమిటి?” అంది. అంతవరకు మేము బోల్టు తిప్పిన గొప్పతోనే పొంగిపోతున్నాము. ఆవిడ ఒక్క ప్రశ్నతో గాలి తీసింది.

సోమవారం నోటు పెట్టాము. టైరులో ముల్లు, రెండు వైపులా గాలి అంకెలు, సుద్దగీత కొలతలు, నోటితో వచ్చిన మూడు ఫిర్యాదులు, వాటిని మేము కాగితం మీద పెట్టకపోవడం, అన్నీ రాశాము. చివరిది రాసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది. పై అధికారి పిలిచి, “ఇది మిమ్మల్నెవరు అడిగారు?” అన్నారు. ఎవరూ అడగలేదన్నాము. రెండు రోజులు తమ దగ్గరే ఉంచుకుని, మిగిలిన రెండు వాయిదాలూ పట్టవద్దని రాసి పంపారు. ఆయన చెడ్డవారు కారు. ఆయన బల్ల మీదికి వచ్చినది ఒక్క రిపోర్టే. ఆ రిపోర్టు పక్కన ఉండవలసిన మాట మా దగ్గర ఆగిపోయింది.

అప్పటికే పట్టుకున్న మొదటి వాయిదా 1,600 రూపాయలు మాత్రం తిరిగి రాలేదు. ఆ ఫైలు లెక్కల విభాగంలో ఉంది. పట్టుకోవడానికి ఒక సంతకం చాలింది, తిరిగి ఇవ్వడానికి అయిదు కావాలట. వారానికొకసారి వెళ్లి అడిగి వస్తున్నాము.

ఈలోగా చేయగలిగినవి రెండు చేశాము. పుస్తకంలోని అయిదు మెట్లనూ ఒక అట్ట మీద రాసి షెడ్డు తలుపుకు తగిలించాము. మాట తెలుగు, అక్షరం కన్నడం. ఆయన పక్కన పనికి వచ్చే కుర్రవాడికి కన్నడం చదవడం వచ్చు, వాడు చదువుతాడు, ఈయన వింటాడు. ‘కుడి చక్రం, ఎడమ చక్రం’ అని రాస్తే ఆయన కొట్టేయించి ‘ఎలపట, దాపట’ అని రాయించాడు. మన ఇళ్లలో పిల్లలకు తెలియకుండా పోతున్న రెండు మాటలు ఈ విధంగా ఒక అమెరికా పద్ధతి యంత్రం పక్కన కన్నడ లిపిలో నిలిచాయి.

రెండవది, మా బల్ల సొరుగులో ఒక నోటుపుస్తకం వేశాము. తోటవారు, స్వీపర్లు, వాచ్‌మన్లు వచ్చి నోటితో ఏం చెప్పినా తేదీ వేసి మేమే రాసుకుంటున్నాము. “రాసివ్వండి” అనే మాట మానుకున్నాము. మొదటి వారంలోనే ఏడు వచ్చాయి. అందులో నాలుగు నిజంగా మరమ్మతు కావలసినవే.

పాఠకులకు మా మనవి ఒక్కటే. మీ ఆఫీసులో గాని ఇంట్లో గాని ఏదైనా ఒక పక్కకు లాగుతుంటే, తోలేవాడి మీద మెమో రాయకముందు టైరు తడిమి చూడండి. వాడు మూడుసార్లు చెప్పి ఉంటాడేమో గుర్తు తెచ్చుకోండి.

ఆ 1,600 రూపాయలు వచ్చే నెలలోగా తేలితే ఇక్కడే మనవి చేస్తాము. తేలకపోయినా మనవి చేస్తాము.